ఆయమ్మ గురక

ఆదిలాబాద్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో వనజ పన్నెండేళ్లుగా ఆయమ్మ. పెద్ద హాల్లో నలభై మంది పిల్లల మధ్యే ఆమె మంచం. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమెకు ఇల్లన్నా వాకిలన్నా ఆ హాలే.

నలభై దాటాక ఒళ్లు వచ్చింది, దాని వెంట గురకా వచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. వార్డెన్ మమతారాణి ఒకరోజు ఆఫీసు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి చెప్పింది.

"వనజక్కా, ఏమనుకోకు. పదో తరగతోళ్లకు నిద్ర సాల్తలేదంట. జర ఎక్కడన్న చూపెట్టుకో."

వనజకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మగవాళ్లు గురక పెడితే జనం నవ్వి ఊరుకుంటారు. ఆ వారమంతా పక్కకు తిరిగి పడుకుంది. వెల్లకిలా దొర్లకుండా వీపుకు పాతబట్టల ఉండ కట్టుకుంది. తెల్లారేసరికి ఉండ మంచం కింద ఉండేది, ఆమె వెల్లకిలా ఉండేది.

చివరికి కరీంనగర్ బస్సెక్కింది. గొంతు డాక్టరు భానుప్రసాద్ ఒక రాత్రి వేలికీ ముక్కుకూ తీగలు పెట్టించి పరీక్ష చేయించాడు.

"నిద్రల గంటకు ఏడెనిమిది సార్లు నీ ఊపిరి ఆగుతుందమ్మా. ముదరలేదు. గురక రాకుంట రాత్రిపూట పండ్లకు తొడిగే క్లిప్పు ఉంటది గని, నీకు కింది దవడ పండ్లు లేవాయె. అంగిలి వెనుక మెత్తటి చోట సూదితోటి జర కాక పెడ్తం. కోసుడు లేదు, కుట్లు లేవు. అది గట్టిపడితే అదురుడు తగ్గుతది."

"మొత్తం పోతదా సారు?"

"తగ్గుతది. మల్ల రాదని మాటియ్యలేను. ఒళ్లు సుత తగ్గించాలె."

గొంతుకు మత్తు కొట్టి, కుర్చీలో కూర్చోబెట్టే చేశారు. పావుగంట పట్టింది. వారం రోజులు జావ తాగింది. రెండు నెలలకు మళ్లీ వెళ్లి ఇంకోసారి కాక పెట్టించుకుంది. ఆ తరువాత గురక సన్నబడింది, పగలు పని మధ్యలో వచ్చే కునుకుపాట్లు కూడా పోయాయి. "ఆయమ్మా, నువ్వు హాల్ల పండుకున్నట్టే లేదు" అన్నారు పిల్లలు. ఆ మాటకు ఆమె ఎంత మురిసిందో.

ఏడాది గడిచింది. ఒకనాటి ఉదయం ఊడుస్తుంటే మంచాల కింద దూది ఉండలు కనిపించాయి. దిండు చినిగిందేమో అనుకుంది. పక్కనే జడ వేసుకుంటున్న ఆరో తరగతి సోంబాయిని అడిగింది.

"చెవులల్ల పెట్టుకుంటున్నం ఆయమ్మా. నువ్వు బాధపడ్తవని అక్కలు చెప్పద్దన్నరు."

వనజ డాక్టరుకు ఫోన్ చేసింది.

"మల్లొకసారి చెయ్యొచ్చు. ఒళ్లు తగ్గిందా?"

"తగ్గలే సారు. మోకాళ్ల నొప్పులకు నడుసుడే అయితలేదు."

"అట్లయితే మల్ల గిట్లనే అయితదమ్మా."

ఆ మధ్యాహ్నమే ఆమె తన మంచాన్ని బియ్యం బస్తాలుండే స్టోరు గదిలోకి ఈడ్చుకుంది. మమతారాణి పరుగున వచ్చింది. "నేను పొమ్మన్ననా అక్కా?"

"మీరనలే మేడం. పిల్లలు సుత అనలే."

మూడో రోజు పొద్దున పాలు పోస్తుంటే సోంబాయి కళ్లు ఎర్రగా కనిపించాయి. రాత్రంతా జ్వరమట.

"నన్నెందుకు లేపలే బిడ్డా?"

"తలుపు కొట్టిన ఆయమ్మా. నీ గురకల నీకు వినరాలే."

వనజ పాలగిన్నె కింద పెట్టి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. అప్పటికే జ్వరం దిగిపోయింది.