మామయ్య మూడో ప్రశ్న

మూడు ప్రశ్నలు వేసుకోకుండా మా మామయ్య మాంసం ముక్క ముట్టడు. ఈ జంతువును నా కోసం కోస్తుంటే చూశానా? నా కోసం కోశారని విన్నానా? కోసుంటారని అనుమానం ఉందా? మూడింటికీ లేదనే జవాబొస్తే తినొచ్చని బుద్ధుడు భిక్షువులకు చెప్పాడట. మామయ్య భిక్షువు కాదు, గడియారాలు బాగుచేసేవాడు. అయినా ఆ నియమం తన ఒక్కడి కోసమే పెట్టినట్టు పట్టుకుని వేలాడాడు. మొదటి రెండు ప్రశ్నలతో మాకు పేచీ లేదు. మూడోదే మా ప్రాణాలు తోడేసింది. అనుమానానికి అంతెక్కడ?

నెలకో ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నాన్న పోయాక అమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేరి, ఆ ఒక్క జీతంతో మా ముగ్గురు ఆడపిల్లల్నీ పెంచింది. తమ్ముడొస్తున్నాడంటే తప్ప మాంసం దుకాణం వైపు చూసేది కాదు. ఆ రోజు మాత్రం చిన్న గిన్నెడు కూర వండేది. ఈ మహానుభావుడు తాపీగా కూర్చుని, జేబులోంచి గడియారాల అద్దం తీసి కంట్లో బిగించి, ముక్కను తిప్పి తిప్పి చూసేవాడు. లోపల స్ప్రింగు ఊడిందేమో అన్నట్టు ఉండేది ఆ చూపు.

"అక్కా, దుకాణంలో ఏమన్నావు?"

"ఏమంటాన్రా. మా తమ్ముడొస్తున్నాడు, మంచి ముక్కలివ్వమన్నాను."

"అయిపోయింది. నా కోసమని చెప్పేశావు."

"నేను వెళ్ళేసరికే కోసి వేలాడదీశారురా."

"నేనొస్తానని వాడికి ముందే తెలిసుండొచ్చు."

"నువ్వెవరో కూడా వాడికి తెలీదురా."

"ఏమో, అనుమానం తగిలింది," అని పళ్ళెంలో ముక్కలన్నీ మా వైపు తోసేసి, అన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కునేవాడు.

మరుసటి నెల అమ్మ దుకాణంలో నోరు మెదపలేదు. నెలకోసారి నీ ముఖం కనిపిస్తే వాడు ఊహించలేడా అన్నాడు. ఆ పై నెల పక్కింటావిడను పంపింది. నువ్వెళ్ళకుండా ఆవిడను పంపావంటే ఏదో దాస్తున్నావన్నాడు. ఇలాంటి మనిషికి అద్దం కాదు, తల బాగుచేసే దుకాణం కావాలని నేను అప్పుడే అనుకున్నాను.

మామయ్య దుకాణంలో సగం ఒక దర్జీది. ఆయనా బౌద్ధుడే, కాకపోతే మాంసం వాసనే పడని రకం. ప్రతి ప్రాణీ ఏదో ఒక జన్మలో మనకు తల్లే, కన్నతల్లిని ఎవడైనా తింటాడా అంటాడాయన. పాత్రలో పడింది తినడమే వినయం, అది వద్దు ఇది కావాలనేవాడు అల్లుడు గానీ భిక్షువు కాదంటాడు మామయ్య. ఇద్దరూ కరుణ గురించి మాట్లాడుకుంటుంటే వీధి చివరిదాకా వినిపించేది. ఆ వేడిలో ఒకసారి పోలీసాయన ప్యాంటుకు రెండు జేబులూ ఒకే వైపు పడ్డాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అమ్మ పనిచేసే ఆస్పత్రి డాక్టరుగారు ఇంట్లో విందు ఇచ్చారు. వాళ్ళ గడియారాలు చూసేది మామయ్యే కాబట్టి ఆయన్నీ పిలిచారు. గంగాళాలతో మాంసం వడ్డిస్తున్నారు. మామయ్య అద్దం తీయలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. అనుమానాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచొచ్చినట్టు మూడుసార్లు వడ్డించుకున్నాడు. అమ్మ కళ్ళారా చూసింది.

తిరిగొస్తూ దారిలో నాతో అంది: "నా చేతి కూరకే వాడికి అనుమానం. ఇక వాడికి కబురు పెట్టను." అంత మాట మా అమ్మ ఎన్నడూ అనలేదు. ఉన్న ఒక్క తమ్ముడూ దూరమైపోయేలా ఉన్నాడు.

మర్నాడు కడిగేద్దామని దుకాణానికి వెళ్ళాను. మామయ్య బళ్ళో గోడ గడియారం బాగుచేయడానికి వెళ్ళాడు. కోపం ఆపుకోలేక దర్జీ మీదే గుమ్మరించాను.

"పెద్దవాళ్ళింట్లో ముక్కలు, మా ఇంట్లో నియమాలు. మీ మతం ఇదేనా?"

దర్జీ నోట్లోంచి దారం తీసి నింపాదిగా అన్నాడు: "వాడిది తప్పేనమ్మా. అందరి కోసం కోసి అమ్మే మాంసం తినొచ్చని వాడు నమ్మే నియమమే చెబుతుంది. ఆ సంగతి వాడికీ తెలుసు."

"మరెందుకా వేషాలు?"

"నేనూ అడిగాను. అంత అనుమానమైతే నాలా మొత్తం మానెయ్యరా అన్నాను. మానేస్తే అక్క మాంసం వండటమే మానేస్తుంది, పిల్లలకు ఆ నెలకో ముక్క కూడా ఉండదన్నాడు. పోనీ తినరా అన్నాను. ఆ గిన్నెలో నేనూ చెయ్యి పెడితే వాళ్ళకేం మిగుల్తుందన్నాడు. వండించాలి, తను తినకూడదు. అందుకు నా వాదనలేవీ పనికిరాలేదు. ఆ దిక్కుమాలిన మూడో ప్రశ్నే పనికొచ్చింది."

నాకు సిగ్గేసింది. పదేళ్ళపాటు ఆయన తోసిన ముక్కల కోసం ముగ్గురం జుట్లు పట్టుకున్నాం గానీ, ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అంతా విని, అటక మీదున్న అన్నిటికన్నా పెద్ద గిన్నె దించమంది.

ఆ ఆదివారం మామయ్య అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. అమ్మ ఆ పెద్ద గిన్నె నిండా కూర తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన అద్దం బిగించి, వంగి, అడుగుదాకా చూశాడు. తల ఎత్తి మా ముగ్గుర్నీ చూశాడు. అద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

"అనుమానమేం లేదక్కా."

నాలుగు ముద్దలు తిన్నాక ఆగిపోయాడు. అమ్మ గరిటెతో దగ్గరికొచ్చింది.

"ఏంట్రా, మళ్ళీ అనుమానమా?"

"ఒక్కటే అక్కా. నీ కూరలో ఉప్పు మొదట్నించీ ఇంతేనా?"

అమ్మ గరిటె ఎత్తింది. మామయ్య దాని కింద పళ్ళెం పెట్టాడు.