ఈ మాట ఈడ కాదు

రేణుకాదేవి లోకంలో ప్రతి మాటకీ ఒక చోటుంది. ఆ చోట కాక ఇంకెక్కడ ఆ మాట ఎత్తినా ఆమెకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. "ఈ మాట ఈడ కాదు" అంటుంది. అనడంతో ఊరుకోదు. ఎక్కడ అనాలో చెప్పి, మాటనూ మనిషినీ కలిపి అక్కడికి పంపేస్తుంది.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఆమెకు జిరాక్సు షాపుంది. అందులో రెండు బెంచీలు. ఒకటి దరఖాస్తుల వాళ్ళకు, ఒకటి కబుర్ల వాళ్ళకు. ఒకసారి చేజర్ల సిద్ధయ్య ఆధార్ కార్డు చేతికిస్తూ, "గొర్రెలు మేత మానేసినాయి తల్లా" అన్నాడు.

"గొర్రెల మాట ఈ బెంచీ మీద కాదు పెదనాయనా. ఆ బెంచీకి పో. ఆడ కూర్చోనుండే ఆయన కూడా గొర్రెలాయనే."

సిద్ధయ్య సణుక్కుంటూ వెళ్ళాడు. వెళ్ళినవాడు ఆ రెండో ఆయనతో కలిసి మందుల సంగతుల్లో పడి, కార్డు మరిచిపోయి ఊరికి వెళ్ళిపోయాడు.

ఉదయగిరిలో ఆమె మరిది పెళ్ళి. సాంబారులో ఉప్పు లేదని ఆడపెళ్ళివారి పెద్దాయన పందిట్లో లేచి నిలబడ్డాడు. మగపెళ్ళివాళ్ళూ నలుగురు లేచారు. రేణుకాదేవి చేతిలో అక్షింతలతోనే వచ్చి, పెద్దాయన రెక్క పట్టుకుని గాడిపొయ్యి దాకా నడిపించి, "సాంబారు మాట ఈడ" అని వంటాయన ముందు నిలబెట్టింది. పెద్ద గొడవ కావలసింది గుప్పెడు ఉప్పుతో పోయింది.

భర్త రాజమోహన్ అన్నం ముందు కూడా తప్పించుకోలేడు.

"కూర బాగుండాది. రేపు వింజమూరు పోవాల."

"రెండూ ఒకదాంట్లో పెట్టమాక. ముందు కూర సంగతి కానీ."

"అయిపోయింది."

"ఇప్పుడు వింజమూరు చెప్పు."

ఇలాంటి మనిషికి తగిన పని ఆత్మకూరులో దొరకదు. ఇంటర్నెట్‌లో దొరికింది. కంప్యూటర్లో రాసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు అని వదిలిపెట్టిన పెద్ద ఓపెన్ సోర్స్ సంఘం అది. దేశదేశాల్లో వేలమంది సభ్యులు. వాళ్ళ మాటలన్నీ మెయిలింగ్ లిస్టుల్లో. ఒక లిస్టుకు మెయిల్ పెడితే అందులో చేరినవాళ్ళందరికీ పోతుంది. అక్షరాలకు ఒక లిస్టు, అనువాదాలకు ఒకటి, కొత్తవాళ్ళ సందేహాలకు ఒకటి, పరీక్షించేవాళ్ళకు ఒకటి. భారతీయ భాషల లిస్టులన్నీ రేణుకాదేవి చూస్తుంది. కొత్త సభ్యుల మెయిళ్ళు ముందు ఆమె చదివి, తర్వాతే వదులుతుంది. జీతం లేదు. తప్పు లిస్టుకొచ్చిన మెయిల్‌ను వెనక్కి పంపే సుఖమే జీతం.

రోడ్డుకు అవతల సెల్ రిపేరు షాపులో రాఘవ ఉంటాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి, ప్రోగ్రాములు రాయడం తనకు తానే నేర్చుకున్నాడు. లోకం మీద కోపం కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే వరస చివర వత్తు ఊడి కింది వరసలో పడేది. రాఘవ రాత్రింబవళ్ళు కూర్చుని దాన్ని సరిచేశాడు. అక్షరాల విభాగంలో ఆ పని పరిశీలించి తీసుకోవలసింది బెంగళూరులో ఉండే షైనీ. ఆమె ఉలకదు, పలకదు. శుక్రవారం దాటితే కొత్త వెర్షన్ తలుపులు మూసేస్తారు. మళ్ళీ ఏడాది ఆగాలి.

గురువారం పొద్దున రాఘవ అక్షరాల లిస్టుకు పెద్ద మెయిల్ రాశాడు. పల్లెటూరి వాళ్ళంటే లెక్కలేదా అన్నాడు. మా నాయన పిలిస్తే గొర్రెలైనా పలుకుతాయి అన్నాడు. షైనీకి చేతులు పడిపోయాయా అని అడిగాడు. పంపాక ప్రాణం హాయిగా ఉంది.

కాసేపటికి రేణుకాదేవి దగ్గర్నుంచి వెనక్కొచ్చింది. 'ఇది ఈ లిస్టుకు చెందదు.'

రాఘవ రోడ్డు దాటి వచ్చాడు. "ఏందక్కా ఇది?"

"మెయిల్ మాట షాపులో కాదబ్బయా. మెయిల్‌లోనే అడుగు."

పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి, అదే మెయిల్ అనువాదాల లిస్టుకు పెట్టాడు. వెనక్కొచ్చింది. అక్కడ మనుషుల పేర్లు ఎత్తకూడదట. షైనీ పేరు తీసేసి కొత్తవాళ్ళ లిస్టుకు పెట్టాడు. అక్కడ ఒక మెయిల్లో ఒకే సంగతి ఉండాలట. పల్లెటూళ్ళు తీసేశాడు. గొర్రెల్ని తీయడానికి మనసొప్పలేదు గానీ తీసేశాడు. పరీక్షించేవాళ్ళ లిస్టులో నాలుగు వరసలు దాటకూడదట. మధ్యాహ్నానికి మెయిల్ మేక మేసిన కంపలా మిగిలింది: 'వరస చివర తెలుగు వత్తు ఊడిపోతోంది. సరిచేశాను. దయచేసి చూడండి.'

అప్పుడొచ్చింది జవాబు. 'బాగుంది. ఇది అక్షరాల లిస్టుకు చెందుతుంది.'

రాఘవ దాన్ని పొద్దున పెట్టిన చోటే మళ్ళీ పెట్టాడు. ఈసారి వెళ్ళింది. సాయంత్రం షైనీ రాసింది: 'ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. బండి మీంచి పడి కుడిచేతికి కట్టు వేశారు. ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను. నీ పని చాలా బాగుంది. కొత్త వెర్షన్‌లోకి తీసుకున్నాను.'

చేతులు పడిపోయాయా అని రాసింది గుర్తొచ్చి రాఘవకు చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత ఇంకోటి తట్టింది. రోడ్డు దాటాడు.

"అక్కా, పొద్దున నేను పెట్టింది సరైన లిస్టే గదా. ఊరంతా ఎందుకు తిప్పినావు?"

"యాడ సరైంది? దాంట్లో వత్తు మాట యాడో ఓ మూలనుండాది. మిగతాదంతా షైనీ మాటే. షైనీని తిట్టేదానికి మనకు లిస్టు లేదురా."

రాఘవ తల గోక్కున్నాడు. "అట్టాంటి మెయిళ్ళు యాడికి పోతాయి మరి?"

"నా దగ్గరికి. ఆ లిస్టులో మెంబరు నేనొక్కదాన్నే." ఆమె జిరాక్సు మిషన్లో కాగితాలు సర్దుతూ, "గొర్రెల ముక్క బాగా రాసినావు. నవ్వలేక చచ్చినాను. ఈసారి కోపమొస్తే నేరుగా నాకే పెట్టు" అంది.

రాఘవ పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. "థాంక్సక్కా" అన్నాడు.

"అది దరఖాస్తుల బెంచీ. థాంక్సులు ఆడ" అని ఆమె రెండో బెంచీ చూపించింది.

రాఘవ లేచి వెళ్ళి, ఆ బెంచీ మీద కూర్చుని మళ్ళీ చెప్పాడు.