రోలా గదిలో మేం పెట్టుకున్న డిబేట్

కిందటి నెల కంట్లో పొర వచ్చిందని పరీక్షకు వెళితే, చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా కదలకుండా కూర్చోమన్నారు. ఎదురుగా గోడకున్న టీవీలో మాట వినపడకుండా వార్తలు నడుస్తున్నాయి. ఏ దేశపు ఎన్నికలో తెలియదు గానీ, ఒక పొడవాటి వేదిక మీద పదిమంది దాకా ఎవరి బల్ల వెనక వాళ్ళు వరసగా నిలబడి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పుకుంటున్నారు. నా పక్కనున్న పెద్దాయన, ఇంతమందిలో ఎవడు మంచివాడో మనకెట్లా తెలిసేది అని తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. ఆ మాటకు నాకు షార్జాలో మా గది గుర్తుకొచ్చి, డాక్టరు నా పేరు రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదట.

మన వయసువాళ్ళలో గల్ఫ్‌కి వెళ్ళి వచ్చినవాళ్ళకు షార్జా నడిబొడ్డున ఉండే రోలా పేట గురించి నేను చెప్పక్కర్లేదు. నేనప్పుడు దుబాయ్ రేవు పక్కన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో సరుకు కాగితాలు రాసే గుమాస్తాను. తెల్లవారుజామున కంపెనీ వ్యాను రోలా మూలమీదికి వచ్చి ఎక్కించుకునేది గనక, అక్కడే మా మేనబావ తన పేరు మీద తీసుకున్న రెండు గదుల ఫ్లాట్‌లో ఒక మంచం సంపాదించుకున్నాను. బావ ఒక సోఫాల షోరూములో సేల్స్‌మన్. మొత్తం ఎనిమిదిమందిమి. అందరికంటే చివర చేరినవాణ్ణి నేను. నాకంటే ఆరు నెలల ముందు చేరినవాడు కడప భాయ్. ఊరు కడప జిల్లా గనక అందరం అలాగే పిలిచేవాళ్ళం. వెనక సందులోని దర్జీ దుకాణంలో అరబ్బులు వేసుకునే తెల్లటి పొడుగు చొక్కాలు కుట్టేవాడు. మధ్యాహ్నం వచ్చి కాస్త నడుం వాల్చి, మళ్ళీ వెళ్ళి దుకాణం మూసేదాకా మిషను తొక్కేవాడు. మాట బహు తక్కువ. శుక్రవారం కూడా తలుపు దగ్గర గోడకానుకుని చొక్కాల అంచులు చేత్తో కుడుతుండేవాడు.

అతని గురించి ఒక సంగతి ముందుగా చెప్పాలి. రెండువేల ఏడు ఫిబ్రవరిలో నాకు అమ్మవారు పోసింది. ఆఫీసువాళ్ళు పదిహేను రోజులు గేటు దగ్గరికి కూడా రావద్దన్నారు. మా బావ, పాపం షోరూము ఉద్యోగం, మొహం మీద మచ్చలు పడితే పని పోతుందని, బట్టలు సర్దుకుని దుబాయ్‌లో స్నేహితుడి గదికి వెళ్ళాడు. తక్కినవాళ్ళు హాల్లో పడుకుని మధ్య తలుపు వేసుకున్నారు. నేను వాళ్ళను తప్పు పట్టను, నేనైనా అంతే చేసేవాణ్ణి. కడప భాయ్ మాత్రం తనకు చిన్నప్పుడే పోసిందని చెప్పి నా గదిలోనే పడుకున్నాడు. ఏదో విల్లా ముందు వేపచెట్టుంటే తోటమాలిని బతిమాలి రెమ్మలు తెచ్చి నా పక్క మీద పరిచేవాడు. పొద్దున జావ, మధ్యాహ్నం పెరుగన్నం. మా ఇంటిదానికి ఫోన్ చేసి, మామూలు జ్వరమే, గొంతు పోయింది గనక రెండు రోజులు మాట్లాడలేడని అబద్ధం చెప్పి ఆమె కంగారు పడకుండా చూశాడు.

ఇక టీవీ సంగతి. ఆ ఏడు అమెరికాలో అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చుకునే పోటీ మొదలైంది. మాకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ మా బావకు షోరూములో మేనేజరు కావాలని ఉండేది, ఇంగ్లీషు నోటికి రావాలంటే ఇలాంటివి వినాలని అతనికెవరో చెప్పారు. అక్కడ సాయంత్రం జరిగింది మాకు శుక్రవారం పొద్దున మళ్ళీ వేసేవారు. తెలుగు పాటలు రావలసిన వేళకు ఈ ఇంగ్లీషు వాదనలు పెట్టాడని మొదట అందరం సణిగాం గానీ, రెండో వారానికి మాకే రుచి మరిగింది. భాష సగం అర్థమయ్యేది కాదు. అయినా ఎవరు నవ్వినప్పుడు కళ్ళు నవ్వడం లేదో, ఎవరు గుక్క తిప్పుకోకుండా అబద్ధమాడుతున్నారో భాష రాకపోయినా తెలుస్తుందని మా నమ్మకం.

నిజామాబాద్ అన్న అని మాలో పెద్దవాడు, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, మొదటి రోజే నోరెళ్ళబెట్టాడు. "ఒక్క కుర్చీకి ఇంతమందా? మా ఊళ్ళె సర్పంచ్‌కు సుత నలుగురి కన్న ఎక్కువ నిలవడరు." వీళ్ళంతా ఒకే పార్టీ అన్నా అని బావ చెప్పేసరికి ఇంకా ఆశ్చర్యపోయి, "ఒక్క పార్టోళ్ళు గిట్ల తిట్టుకుంటరా! మనోళ్ళే నయం, టికెట్ వచ్చేదాక గప్‌చుప్‌గ ఉంటరు" అన్నాడు. మధ్యలో నిలబడ్డ ఒకాయన్ను చూసి, వీడు మా ముదీర్ లాగే, అంటే మేనేజరు లాగే ఉన్నాడు, నవ్వుకుంటూనే సెలవు కోసేస్తాడని ఇంకొకడు. ఎవరి టై బాగుందో, ఎవరి జుట్టుకు రంగు వేశారో, ఎవరు ఎదుటివాడి మాటకు మధ్యలో అడ్డం పడ్డారో, దాన్నిబట్టి మార్కులు వేసుకునేవాళ్ళం. నిమిషం దాటగానే ఎర్రదీపం వెలిగేది. అయినా ఆపకుండా మాట్లాడినవాడికి మా గదిలో చప్పట్లు.

ఒక శుక్రవారం కడప భాయ్, సూదిలో దారం ఎక్కిస్తూ, ఉన్నట్టుండి అన్నాడు. "ఆ కొసాన నిలబడినాయన్ను ఇంతవరకు ఒక్కతూరి గూడ అడగల్యా గదన్నా." మేమెవ్వరం గమనించలేదు. అతను మాత్రం మొదటినుంచీ ఆయన్నే చూస్తున్నాడట. నాకప్పుడు ఎందుకంత దుడుకో, మాట చేతకానివాడు అంతదూరం రావడమెందుకు భాయ్, ఇంట్లో కూర్చోవచ్చుగా అన్నాను. "అడిగితే గదా చేతనవుతాదో లేదో తెలిసేది" అని అతను మళ్ళీ కుట్టుపనిలో పడ్డాడు. అందరూ నా మాటకే నవ్వారు.

అది మెల్లగా మాకొక ఆటయింది. శుక్రవారం కోడి వండాలా చేప వండాలా, ఇస్త్రీపెట్టె కాల్చినవాడెవడు, బాత్రూంలో ఎక్కువసేపు ఉంటున్నదెవడు, ఏదొచ్చినా బావ గరిటె మైకులా పట్టుకుని ఒక్కొక్కరికి నిమిషం ఇచ్చేవాడు. నా ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టే గడియారం ఉండేది గనక టైము చూసే పని నాది. నిమిషం కాగానే ఖలాస్ అని అరిచేవాణ్ణి. ఒకసారి నిజామాబాద్ అన్న చేపల తరఫున మాట్లాడి గెలిచి, తీరా ముల్లు గుచ్చుకుని రెండు రోజులు మాట్లాడలేకపోయాడు.

ఆ ఏడు ఎండలు తగ్గుతున్న రోజుల్లో బిల్డింగ్ వాచ్‌మన్ వచ్చి, తనిఖీలు జరుగుతున్నాయని, ఒక్కో ఫ్లాట్‌లో ఆరుగురికి మించి ఉండకూడదని యజమాని మాటగా చెప్పి వెళ్ళాడు. మేం ఎనిమిదిమందిమి. ఒకతనికి అల్ ఐన్‌లో ఖర్జూర తోటల దగ్గర పని కుదిరి ఎలాగూ వెళ్ళిపోతున్నాడు. ఇంకొకరు కదలాలి. మామూలుగా అయితే గదుల్లో ఒకటే రివాజు, చివర వచ్చినవాడు ముందు పోవాలి. నిజామాబాద్ అన్న ఆ మాటే అన్నాడు, నా వైపు చూడకుండానే అన్నాడు.

ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను. డిబేట్ పెట్టి తేల్చుకుందామని అన్నది నేనే. ఎవరు ఎందుకు ఉండాలో ఒక్కొక్కరం నిమిషం మాట్లాడదాం, తర్వాత పోవలసినవాడి పేరు చీటీ మీద రాద్దాం, టీవీలో లాగా, అన్నాను. అందరూ నవ్వి సరేనన్నారు, బరువైన పని ఆటగా తేలిపోతుందని వాళ్ళ సంతోషం. మాటల్లో అయితే నన్నెవరూ కొట్టలేరని నాకు తెలుసు. అసలు నోరే విప్పలేనివాడెవరో కూడా తెలుసు.

శుక్రవారం భోజనాలయ్యాక కూర్చున్నాం. ఫ్లాట్ తన పేరు మీద ఉంది గనక బావకు నిమిషం అక్కర్లేదన్నాం. నిజామాబాద్ అన్న, నాకు జెబెల్ అలీ వ్యాను ఈ మూలమీదనే ఎక్కాలె, ఇంకెక్కడున్నా పని పోతది అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఒకడు తన రక్తపోటు గురించి, ఒకడు తన వంట గురించి, ఇంకొకడు నవ్విస్తూ తన గురక వినకపోతే మీకు నిద్ర పట్టదని చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. మీ కాగితాలు నింపేదెవరు, కరెంటు ఆఫీసుకు ఉత్తరం రాసేదెవరు, ఇంటి నుంచి ఇంగ్లీషు కాగితమొస్తే చదివిపెట్టేదెవరు అని ఒక్కొక్కరి పేరు పెట్టి అడిగాను. చప్పట్లు కొట్టారు.

చివరికి కడప భాయ్ వంతు. చెప్పుకోవడానికి మా అందరికంటే అతనికే ఎక్కువ ఉంది. దుకాణం రాత్రి పదకొండుకు గానీ మూయరు, ఆ వేళకు దూరం వెళ్ళడానికి బస్సు ఉండదు, దగ్గర్లో గది లేనివాణ్ణి ఆ సేటు పనిలో పెట్టుకోడు. ఇవన్నీ నాకు జావ తాగిస్తూ అతనే చెప్పినవి. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాదేముందన్నా, మీరెట్లంటే అట్ల" అన్నాడు. వేళ్ళకంటిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరాడు. "కాకపోతే దుకాణం సేటు..." అని మొదలుపెట్టి, తర్వాతి మాట కోసం నా వైపు చూశాడు. నేను ఫోన్ వైపు చూశాను. ఇంకా ఇరవై సెకన్లున్నాయి. అయిపోయింది భాయ్, ఖలాస్ అన్నాను.

అతనూ తల ఊపాడు, అయిపోయింది కాబోలనుకుని.

ఏడు చీటీల్లో అయిదింటి మీద అతని పేరు. ఒకదాని మీద నాది. ఒకటి ఖాళీ, అది ఎవరిదో అడగక్కర్లేకపోయింది. గిన్నెలు కడుగుతుంటే నిజామాబాద్ అన్న పక్కకొచ్చి, "నీ పేరు రాసింది నేనే తమ్మీ. ఆఖర్ల వచ్చినోడివి నువ్వు గద. మనసుల వెట్టుకోకు" అన్నాడు. పెట్టుకోనన్నా అన్నాను. కడప భాయ్ పేరు రాసిన అయిదుగురిలో నేనూ ఒకణ్ణని అన్నకు చెప్పలేదు.

మరుసటి వారం భాయ్ వెళ్ళిపోయాడు. అంచు కుట్టమని నేనెప్పుడో ఇచ్చిన ప్యాంటు ఇస్త్రీ చేసి నా మంచం మీద పెట్టి వెళ్ళాడు. తనిఖీకి ఎవరూ రాలేదు.

చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం రోలా మైదానంలో కనిపించాడు. దూరంగా అజ్మాన్ అవతల గది దొరికిందని, కానీ పని రోజుల్లో వెళ్ళి రావడం కుదరక దుకాణంలో గుడ్డ కత్తిరించే బల్ల మీదే పడుకుంటున్నానని, గురువారం రాత్రికి మాత్రం గదికి పోతానని మామూలుగా చెప్పాడు. గదిలో ఒక్కొక్కరి క్షేమం అడిగాడు. టీ తనే ఇప్పించాడు. గ్లాసు చేతిలో తిప్పుతూ, భాయ్, ఆ రోజు నేను నీ గురించి ఒక మాట చెప్పవలసింది అన్నాను. అతను నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"నువ్వు నోరు తెరిచింటే నిన్నే పంపుతాండ్రి గదన్నా. నాకు తెలీదా? పెండ్లాం బిడ్డలు ఉండేవాడివి."

అతనికి ముగ్గురు పిల్లలు. నేను ఊరకుండటం ఒక్కటే నా తప్పనుకుని, దాన్ని క్షమించేశాడు. ఇరవై సెకన్ల సంగతీ చీటీ సంగతీ అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెబితే ఆ ముఖం ఎలా మారుతుందో చూడలేక, అతనిచ్చినదాన్ని అలాగే పుచ్చుకుని టీ తాగేశాను. అదే ఆఖరు. మరుసటి ఏడు నేను ఇండియా వచ్చేశాను.

ఇప్పుడు దుబాయ్ ఆఫీసుల్లో శుక్రవారం పూర్తి సెలవు కూడా పోయిందట, శని, ఆదివారాలకు మార్చారట. మా గదివాళ్ళం తలా ఒక ఊళ్ళో ఉన్నా, అల్ ఐన్ వెళ్ళినతనితో సహా ఏడుగురం ఫోన్‌లో ఒక గ్రూపుగా ఉన్నాం. మనవళ్ళ పుట్టినరోజులు, మోకాళ్ళ నొప్పుల మందులు, అన్నీ అందులోనే. అప్పట్లో ఇంటికి ఒక్క మాట చెప్పాలంటే చవకని ఫోన్ కార్డు కొని బూత్ దగ్గర వరసలో నిలబడేవాళ్ళం, ఇప్పుడు ఎవరికి ఏం చెప్పాలన్నా వేలు కదిపితే చాలు. కంటి పరీక్ష అయి ఇంటికొచ్చిన మర్నాడు, కడప భాయ్ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని అందులో అడిగాను. లేదన్నారు. అప్పుడు, ఆ రోజు నేను అతని నిమిషం ముందే కోసేశానని, చీటీ మీద అతని పేరే రాశానని, మూడు వాక్యాలు రాసి పంపాను. ఆరుగురూ చదివినట్టు గుర్తులు పడ్డాయి. సాయంత్రం మా బావ, శుభ సాయంత్రం అని గులాబీపువ్వు బొమ్మ పెట్టాడు. దాని కింద ఒక్కొక్కరుగా అందరూ నమస్కారాలు పెట్టారు. నేనూ పెట్టాను.