ఎదురింటి అంకుల్ బిన్

ఆస్ట్రేలియాలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఎదురింటి అంకుల్‌ది ఒకటే మాట: "పొద్దున లేవడానికో కారణం ఉండాలమ్మా. జపాన్‌లో దాన్నే ఇకిగాయ్ అంటారు. అదుంటే నూరేళ్లు గ్యారంటీ!" ఆ కారణం కోసం బోన్సాయ్ పెంచారు, ఎండిపోయింది. ఫ్లూట్ పట్టారు, ఆంటీ దాచేశారు.

మా వీధిలో ఒక వారం పసుపు మూత చెత్త బిన్, ఒక వారం ఆకుపచ్చది బయట పెట్టాలి. ఏ వారం ఏదో ఎవరికీ గుర్తుండదు. అంకుల్ ఏది పెడితే అందరం అదే పెట్టేవాళ్లం. ఒకసారి ఆయన తప్పు బిన్ పెట్టారు. చెత్త లారీ ఒక్క బిన్నూ ఎత్తకుండా వెళ్లిపోయింది.

"అంకుల్, మిమ్మల్ని చూసే మేమంతా పెట్టాం!" అన్నాను విసుగ్గా.

ఆయన మొహం వెలిగిపోయింది. "వీధంతా నన్ను చూసేనా?"

మరుసటి వారం తెల్లారకముందే కాలింగ్ బెల్. "అమ్మాయ్, ఈ వారం పసుపు!"

ఆయన నూరేళ్ల సంగతేమో గానీ, మా నిద్ర మాత్రం పోయింది.