దుర్గి నుంచి వచ్చిన సాక్సులు

లడాఖ్‌లో ఆ ఆర్మీ పోస్టుకు నేను చేరింది మధ్యాహ్నం. ఎండ ఉంది, వేడి లేదు. చుట్టూ మంచు, రాళ్ళు, మధ్యలో ఒక బంకరు. మాచర్ల ఎండల్లో పెరిగిన వాణ్ణి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వీపు మీది బరువు దించకముందే లోపల్నుంచి తెలుగు వినిపించింది.

"ఏ ఊరబ్బాయ్ మనది?"

"మాచర్ల సార్. మా నాయనది మిరపకాయల కొట్టు."

"సార్ ఏందిరా! మాది మీ పక్కనే, దుర్గి. అన్నా అను."

ఆయనే మా హవల్దార్ వెంకయ్య. పోస్టులో అందరి పాదాలకూ ఆయనే కాపలా. గస్తీ నుంచి రాగానే బూట్లు విప్పించి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసేవాడు. టీ ఆ తర్వాతే. వంటవాడు ఎంత గొణిగినా వినేవాడు కాదు.

ఆయన పెట్టెలో ఒక జత ఉన్ని సాక్సులుండేవి. భార్య కోటమ్మ వదిన అల్లినవి. దుర్గిలో ఉన్ని సాక్సులతో ఎవరికి పని? ఎవర్నో బతిమాలి నేర్చుకుని, ఆ ఉక్కలో కూర్చుని అల్లిందట. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆయన వాటిని తీసి చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టేవాడు.

"తొడుక్కోవచ్చుగా అన్నా?"

"అరిగిపోతే మళ్ళీ అల్లాలి గదరా. పాపం, దానికి చేతగాదు," అని మురిసిపోయేవాడు.

ఇక నా ఘనకార్యం. సాక్సుల్లో కాస్త కారం చల్లుకుంటే కాళ్ళు వెచ్చగా ఉంటాయని ఎవరో అన్నారు. కాస్తేమిటి, మిరపకాయల కొట్టు వాడికి? ఇంటి నుంచి తెచ్చుకున్న కారం గుప్పెడు గుప్పెడు పోశాను. గస్తీలో సగం దారికే నిప్పులు తొక్కినట్టయింది. ఓర్చుకోలేక పాదాలు మంచుతో కడిగి, తడి సాక్సులే తొడిగాను. పోస్టుకు వచ్చేసరికి మంట లేదు. వేళ్ళూ ఉన్నట్టు లేవు. మైనంలా తెల్లబడ్డాయి.

వైర్‌లెస్ ఆపరేటర్ కింది క్యాంపుతో మాట్లాడి ముఖం వేలాడేసుకొచ్చాడు. "మబ్బు పట్టింది, హెలికాప్టర్ రాదు. వేళ్ళు పోతాయేమో అంటున్నారు."

భోరున ఏడ్చాను. సిగ్గేముంది?

"నోర్ముయ్‌రా, మిరగాయల కొట్టోడా!"

హవల్దార్ చొక్కా పైకెత్తి, నా పాదాలు తన పొట్టకు ఆనించుకుని, పైన కంబళి కప్పాడు. ఆయన ఒళ్ళు జలదరించడం నాకు తెలుస్తూనే ఉంది. సాయంత్రం దాకా కదల్లేదు.

"సెలవులో ఉన్నన్నాళ్ళూ మా చిన్నదానికి జడ నేనే ఏస్తా, తెలుసా? ఆళ్ళమ్మని ముట్టనీదు."

ఇలాంటి కబుర్లే చెబుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి వేళ్ళలో సూదులు గుచ్చినట్టయి కేక పెట్టాను.

"అమ్మయ్య! బతికినయ్యిరా!"

పెట్టె తెరిచి, ఆ సాక్సులు తీసి నాకు తొడిగాడు. కొండ దిగాక ఉతికి తిరిగిచ్చాను.

తర్వాత ఇద్దరం రిటైరయ్యాం. దుర్గి వెళ్ళినప్పుడల్లా వదినకు బెండకాయలు తరిగిపెడుతూనో, మనవరాలికి జడ వేస్తూనో కనిపించేవాడు. ఇల్లే ఆయనకు పోస్టు. నేను చెప్పులు విప్పగానే, "వేళ్ళన్నీ ఉన్నయ్యారా?" అని అడిగేవాడు. అలాంటి మనిషి మళ్ళీ దొరకడు.

మొన్న చలికాలంలో పోయాడు. నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టబోతుంటే వదిన ఆపింది. లోపలికెళ్ళి ఆ సాక్సులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తొడుగు తమ్ముడూ. నేనల్లినయ్యి ఒక్కసారన్నా ఏసుకోలా. కాళ్ళు చానా సల్లగా ఉన్నయ్యి."

కూర్చుని ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాను. తొడిగే ముందు నా చేతులు వాటంతట అవే వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూశాయి. వదిన నా ముఖంలోకే చూస్తోంది.