ఐరన్ మాత్రా, బెల్లం టీ

ఆ ఏడాది ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలపు ఉపవాసాలకు అందరూ మాంసం మానేస్తే నేను టీలో పాలూ పంచదారా మానేశాను. మొదట్లో తల పగిలిపోయింది. తర్వాత నిజంగానే ఒళ్లు తేలికపడింది, పొట్ట ఉబ్బరం పోయింది, మధ్యాహ్నం బళ్లో కునికిపాట్లు తగ్గాయి. ఈస్టర్ వెళ్లిపోయినా బ్లాక్ టీ వదల్లేదు. తాగితే తాగాను, నోరు మూసుకుని తాగొచ్చు కదా! గురువారం గృహ ప్రార్థనకు ఎవరింటికి వెళ్లినా పాల టీ తెచ్చినావిడను ఆపి మరీ ఉపదేశం. గుండెకి మంచిది, కొవ్వు చేరదు, మొహం నిగనిగలాడుతుంది. సైన్సు టీచరు చెబుతోంది కాబట్టి పాపం వినేవాళ్లు.

ఆ వేసవిలో మా చెల్లి పురిటికి వచ్చింది. మాకు అమ్మ లేదు. కోటవురట్లలో దాని అత్తగారు "నువ్వు బడికెల్లేదానివి, నీకెందుకమ్మా ఈ సాకిరీ?" అన్నా వినకుండా, తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని వాదించి అనకాపల్లి తీసుకొచ్చాను. అమ్మ ఉంటే ఎలా చూసేదో అలా చూస్తానని దానికి మాటిచ్చాను.

దానికి రక్తం తక్కువ. ఆసుపత్రిలో ఐరన్ మాత్రలిచ్చారు. నోట్లో పెట్టుకోగానే డోకు. "తుప్పు నాకినట్టుందక్కా," అనేది. నా దగ్గర ఉపాయం ఉండనే ఉంది. అల్లం దంచి, చిక్కగా బ్లాక్ టీ కాచి, అందులో బెల్లం వేసేదాన్ని. బెల్లం తింటే రక్తం పడుతుందని మా ఊళ్లో ఒకరు చెప్పక్కర్లేదు, నడక రాకముందే నేర్చుకుంటాం. మాత్రలో ఇనుము, బెల్లంలో ఇనుము, పైన టీ బలం. ఇంక రక్తం పట్టకుండా ఎక్కడికి పోతుంది? అన్నం తినగానే మాత్రా గ్లాసూ చేతికిచ్చేదాన్ని. డోకు కూడా ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరిగాక పరీక్ష చేయిస్తే రక్తం పెరగలేదు సరికదా, ఇంకాస్త తగ్గింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గురువారం ప్రార్థన మా ఇంట్లోనే. వరండాలో చాపల మీద ఆడవాళ్లందరూ కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే నిలదీశాను.

"మాత్రలు ఏటి చేత్తన్నావే? పెరట్లో పారేత్తన్నావా?"

"నువ్విచ్చినవన్నీ మింగుతున్నానక్కా."

"మింగితే రక్తం ఎందుకు పట్టదు? అబద్ధాలాడితే కడుపులో బిడ్డకే తగులుతాది."

ఆ మాట అన్నది నేనే. "ఊరుకోమ్మా, ఒట్టి మనిషి కాదు," అని ఒక పెద్దావిడ వారించింది. చెల్లి కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లింది. మేం పాట ఎత్తుకున్నాం. మర్నాటి నుంచి పోలీసులా ఎదురుగా కూర్చుని, మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేదాన్ని. టీ ఇంకో అరగ్లాసు ఎక్కువ పోసేదాన్ని.

తొమ్మిదో నెల వచ్చాక దాని అత్తగారు చూడ్డానికొచ్చి, మాతో ఆసుపత్రికి బయల్దేరింది. డాక్టరమ్మ కాగితం చూసి మొహం చిట్లించింది. కాన్పులో రక్తం పోతే ఈ పిల్ల తట్టుకోలేదంది. "మాత్రలు దేనితో వేసుకుంటున్నావమ్మా?" అని అడిగింది.

చెల్లి నావైపు చూసింది. "నీళ్లతోనేనండి," అంది.

"నీళ్లేటే?" అని నేను అందుకున్నాను. "టీతోనండి. అన్నం తినగానే అల్లం, బెల్లం వేసి నేనే ఇస్తాను." ఇంకా గొప్పగానే చెప్పాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. టీలో ఉండే వగరు ఇనుముని పట్టేసుకుంటుందని, ఒంటికి అందనివ్వదని చెప్పింది. టీ చెడ్డదేం కాదు, భోజనానికీ మాత్రకీ దూరంగా తాగాలి అంది. ఇన్నాళ్ల మాత్రలూ చాలావరకు వృథాయే. ఇప్పుడిక ఇనుము సూదుల ద్వారా ఎక్కించాలి అంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. లోపలికి పిలవకముందు బయట వరుసలో కూర్చున్నప్పుడు నర్సు ఇదే సంగతి ఎవరికో చెబుతుంటే చెల్లి విందట. నేను వినలేదు. అప్పుడు నేను పక్కావిడకు బ్లాక్ టీ గురించి చెబుతున్నాను.

అత్తగారు తిడితే బాగుండేది. తిట్టలేదు. "అమ్మాయి బట్టలు సర్దేయమ్మా. ఆ సూదులేవో మా ఊరి దగ్గర నర్సీపట్నంలో ఏయించుకుంతాం," అంది. అంత వాదించి తెచ్చుకున్నదాన్ని, నా చేతుల్తోనే సర్దాను.

బస్సెక్కించేటప్పుడు అడిగాను, నీళ్లతోనని ఎందుకు చెప్పావే అని.

"అత్త ముందు నీకు తలవంపని," అంది. మెట్టు మీంచి వెనక్కి తిరిగి, "ఒక్క మాత్ర కూడా పారేయలేదక్కా. ప్రార్థనకొచ్చేవాళ్లకి చెప్పు," అంది.

చెబుతానన్నాను. తర్వాతి గురువారం తలనొప్పని వెళ్లలేదు. ఆ పై గురువారం బళ్లో పనుందన్నాను. కొన్నాళ్లకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని కోటవురట్ల నుంచి ఫోనొచ్చింది. మాడుగుల హల్వా కొనుక్కుని ప్రార్థన కూడికకు వెళ్లాను. అందరూ సంతోషించారు, దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. ఆ రోజు నన్ను వారించిన పెద్దావిడ హల్వా తీసుకుంటూ, "పోన్లే, ఆఖరికైనా మాత్రలు సరిగ్గా మింగిందన్నమాట," అంది.

నేను తలూపి, పళ్లెం పక్కావిడ ముందు పెట్టాను.