మా మడి కింద నాగమ్మ చేను

వేసవి మొదలైతే రాయచూరులో మా మిద్దె మీది పూలకుండీల అంచులకు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పొద్దున పోసిన నీళ్ళను ఎండ మట్టిలోంచి పైకి లాగేసుకుని, వాటిలో కరిగిన ఉప్పును మాత్రం అక్కడే వదిలేస్తుంది. ఆ తెలుపు చూసినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది.

మా పొలం గోరేబాళ దగ్గర. కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చిన తాతయ్య అక్కడి నల్లరేగడిలో మళ్ళు కట్టి వరి వేశాడు. ఎండలకు ఆ నేల మా కాళ్ళు దిగబడేంత బీటలు తీసేది. కాలువ వదలగానే మొదటి నీళ్ళు గుటగుటమంటూ ఆ బీటల్లోకి దిగిపోయేవి. ఆ చప్పుడు వినడానికి పిల్లలమంతా గట్టు మీద బోర్లా పడుకునేవాళ్ళం. తడిసిన మట్టి ఉబ్బి బీటలు మూసుకున్నాక మాత్రం నీళ్ళు దిగీ దిగనట్టు మెల్లగా కదులుతూ, ఎవరి కంటా పడకుండా పల్లానికి ఊరేవి.

ఆ పల్లంలో ఉన్నది నాగమ్మ జొన్నచేను. నాగమ్మ పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. వానలకు నేల తాగిన తడితోనే చలికాలమంతా ఆమె జొన్న ఎదిగేది. ఆ తడి ఎగిరిపోకుండా సాళ్ళ మధ్య పైమట్టిని గుల్లచేసే గుంటక మళ్ళీ మళ్ళీ తోలి, బీటలను పొడిమట్టితో కప్పేది. "మట్టికి తల దువ్వుతోందర్రా!" అని మా నాయనమ్మ ఎగతాళి చేసేది. మేమూ నవ్వేవాళ్ళం. నవ్వుతూనే వెళ్ళి, లేత కంకులను పిడకల నిప్పు మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది ఆమె పెట్టే ఊచబియ్యాన్ని బెల్లంతో కడుపు పట్టనంత తినేవాళ్ళం.

ఒక వేసవిలో ఆ చేను మా గట్టు వైపు నుంచి తెల్లబడసాగింది. నాగమ్మ వచ్చి మా వాకిట్లో నిలబడింది.

"నీ మడి నీళ్ళు నా చేన్ల ఊరుతున్నయ్ పెద్దాయనా. ఎండకు ఉప్పంత పైకొస్తున్నది. ఆ ఊట పక్కకు పోయేటట్టు గట్టు పొంటి ఒక కాలువ తీయనియ్యి."

"ఊరికే వచ్చే నీళ్ళమ్మా! జనం నీళ్ళ కోసం కొట్టుకు చస్తుంటే నువ్వు వద్దంటావేంటి?" అన్నాడు తాతయ్య.

ఆయన నిజంగానే తాను దానం చేస్తున్నాననుకున్నాడు. కాలువ తీస్తే మా మడిలో కొంత నేల పోతుందన్న సంగతి కూడా ఆయన మనసులో ఉంది. నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ ముట్టకుండానే నాగమ్మ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊచబియ్యానికి వెళ్ళడానికి మాకు మొహం చెల్లలేదు.

చివరికి ఆ చేలో జొన్న మొలవడమే మానేసింది. నాగమ్మ దాన్ని అమ్ముకుని అరకేరలో కూతురి దగ్గరికి చేరింది. కొన్నది మేమే. ఆ వేసవిలోనే తాతయ్య గట్టు పొడుగునా కాలువ తవ్వించాడు, సరిగ్గా ఆమె అడిగిన చోట.

ఇప్పుడక్కడ జొన్నచేలు లేవు, గుంటకలు లేవు. ఊచబియ్యమంటే ఏమిటని మా పిల్లలు అడుగుతారు. ఆ చేలో ఉప్పుచౌడంతా ఆ కాలువ వెంట కడుక్కుపోయి వరి ఒత్తుగా పండుతోంది. మా ఇంటికి బియ్యం అక్కడినుంచే వస్తాయి. చుట్టాలు అన్నం బాగుందని మెచ్చుకుని, ఎక్కడి బియ్యమని అడుగుతారు. మా పొలంలోవేనంటూ, వాళ్ళ మొహం చూడకుండా కూర వడ్డిస్తాను.